తొమ్మిది పిక్సెళ్ల నక్క

2024 నవంబరు 30

థాంక్స్‌గివింగ్ సెలవులు కదా అని టెక్సాస్‌లో ఐర్వింగ్ నుంచి రెండు గంటలు కారు తోలుకుంటూ హ్యామిల్టన్ కౌంటీలో మా పొలానికి వచ్చేసరికి మేకల మంద మొత్తం ఒక మూలకి చేరి బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. లెక్కపెట్టాను. 31 ఉండాలి, 28 ఉన్నాయి. ఒకటి వాగు దగ్గర దొరికింది, పొట్ట భాగం తినేసి ఉంది. పిల్లలు రెండింటి జాడ కూడా లేదు. పక్క రాంచ్ పెద్దాయన వచ్చి, చచ్చినదాని మెడ దగ్గర చర్మం ఒలిచి గొంతు కింద పళ్ల గాట్లు చూపించి "కైయోట్" అన్నాడు (అంటే కయోటీ, మన నక్క లాంటిది; ఇక్కడి పాతవాళ్లు కయోటీ అనరు). ఊరి మీద తిరిగే కుక్కలైతే తొడలు, చెవులు ఎక్కడ దొరికితే అక్కడ చీల్చి నాలుగైదింటిని పాడు చేసి పోతాయట, ఇది మాత్రం గొంతు పట్టుకుని ఊపిరాడకుండా చేసి ఒక్కదాన్నే చంపి తింటుందట.

మార్కాపురం వైపు మా తాతకి మేకలుండేవి. రాత్రి నక్కలు ఊళ వేస్తే దొడ్డి దగ్గర మంట వేసుకుని కూర్చునేవాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ముందు సామాను కొనాలనిపించింది. థర్మల్ స్కోపు, అంటే రైఫిల్ మీద బిగించి చీకట్లో వేడిని బట్టి చూసే దుర్భిణి. ఏం కొన్నానో, ఏం తప్పులు చేశానో ఇక్కడ రాసుకుంటూ పోతాను.

డిసెంబరు 7

ఈ వారమంతా కాయితాల పనే. టెక్సాస్‌లో కయోటీకి సీజన్ అంటూ లేదు, సొంత పొలంలో పగలైనా రాత్రైనా కొట్టొచ్చు, థర్మల్ వాడినా తప్పు లేదు. జీవాల మీద పడే కయోటీని కొట్టడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ అది నిజంగా మీద పడిందా లేదా అని అర్ధరాత్రి వేట చట్టాలు చూసే గేమ్ వార్డెన్‌తో వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు, అందుకే హంటింగ్ లైసెన్సు తీసుకున్నాను. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, అది ఆన్‌లైన్‌లో అయిపోయింది. రాత్రిపూట కాల్పులు వినిపిస్తే ఎవరూ కంగారు పడకుండా వార్డెన్‌కి, చుట్టుపక్కల వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పాను. ఇది రూలేం కాదు, మర్యాద.

మనవాళ్ల కోసం ఒక ముక్క రాయాలి. పొలంలో నాకు భాగస్వామి మా బావమరిది, వాడిది ఇంకా హెచ్-1బి. ఆ వీసాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులున్నాయి, హంటింగ్ లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి, కానీ గ్రీన్‌కార్డు లైనులో పదేళ్లుగా నిలబడ్డవాణ్ని ఆ మినహాయింపు పట్టుకుని వేలాడలేనని వాడే అన్నాడు. కాబట్టి రైఫిల్ నాది, కొనేటప్పుడు 4473 ఫారం నింపింది నేను, బీరువా తాళం నా దగ్గరే. వాడి డిపార్ట్‌మెంటు ట్రైపాడ్, టీ ఫ్లాస్కు. ఇంకొకటి, ఇండియా వెళ్లేటప్పుడు చూపిద్దామని ఈ స్కోపు బ్యాగులో పడేసుకోవడం లాంటి పనులు చేయకండి, ఇది ఎగుమతి నియంత్రణలో ఉన్న సరుకు.

డిసెంబరు 14

స్కోపు వచ్చింది. సెకండ్‌హ్యాండ్, 1,900 డాలర్లు. మా ఆవిడకి చెప్పిన అంకె వేరు.

ఇంట్లోంచే చూద్దామని కిటికీ దగ్గర నిలబడి కంటికి పెట్టుకుంటే బయట పొలం లేదు, తెల్లగా వెలుగుతున్న నా ముఖమే ఉంది. ఈ స్కోపు చూసేది 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉండే వేడి తరంగాల్ని. మామూలు గాజు వాటిని పోనివ్వదు, కొంత అద్దంలా వెనక్కి కొడుతుంది. అందుకే దీని లెన్సు జెర్మేనియంతో చేస్తారు, మన కంటికి అది నల్లటి అద్దంలా కనిపిస్తుంది. కారులో కూర్చుని అద్దాలెత్తి చూడొచ్చులే అనుకున్న మా ప్లాను అక్కడే పోయింది.

పెట్టె మీద "డిటెక్షన్ 1,800 గజాలు" అని పెద్దక్షరాలు. రాత్రి పడుకునే ముందు కూర్చుని లెక్క కట్టాను. సెన్సర్ 384×288, ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు, లెన్సు ఫోకల్ లెంగ్త్ 35 మిల్లీమీటర్లు. 12 మైక్రాన్లని 35 మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చేదాన్ని దూరంతో గుణించాలి, అంతే. 100 గజాల దగ్గర ఒక పిక్సెల్ మూడు సెంటీమీటర్ల పైచిలుకు, 300 గజాల దగ్గర తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. కయోటీ ఒళ్లు తోక కాకుండా ఎనభై తొంభై సెంటీమీటర్లుంటుంది. అంటే 300 గజాల దగ్గర నా ముందుండేది తొమ్మిది పిక్సెళ్ల నక్క. అది నక్కో, కుక్కో, దూడో తేల్చాల్సింది ఆ తొమ్మిది చుక్కల్లోంచే. 1,800 గజాలంటే అక్కడ వెచ్చగా ఏదో ఉందని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. జూమ్ నొక్కితే చుక్కలు లావవుతాయి, ఎక్కువవ్వవు.

640 సెన్సరుదైతే క్లియర్‌గా ఉంటుందని అందరూ అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. లెన్సు అదే, పిక్సెల్ సైజు అదే అయితే జంతువు మీద పడే పిక్సెళ్లు కూడా అన్నే. చుట్టూ కనిపించే మేర పెరుగుతుంది. వివరం కావాలంటే పొడుగు ఫోకల్ లెంగ్త్ లెన్సు కావాలి, అప్పుడు కనిపించే మేర తగ్గుతుంది. నాకు 100 గజాల దగ్గర 13 గజాల వెడల్పు కనిపిస్తుంది, మా పొలానికి అది చాలు.

డిసెంబరు 15

జీరో చేయడం, అంటే స్కోపు గురినీ తూటా పడే చోటునీ కలపడం. రైఫిల్ .223 బోల్ట్ యాక్షన్, 55 గ్రెయిన్ తూటాలు. మామూలు కాయితం టార్గెట్ థర్మల్‌కి కనిపించదు, దాని మీద గీసిన గీతలకి వేడి తేడా ఉండదు మరి. చలికాలంలో జేబులో వేసుకునే హ్యాండ్ వార్మర్ ఒకటి అట్టకి అతికించాను. పది నిమిషాలకి ఆ వేడి అట్టంతా పాకి పెద్ద ఇడ్లీ అంత మసక తయారైంది, దాని నడిమధ్య ఎక్కడో ఎవరికి తెలుసు? నాలుగు తూటాలు దండగ.

దాన్ని పీకేసి ప్లైవుడ్ ముక్క మీద అల్యూమినియం టేపు అంగుళం చదరం కత్తిరించి అంటించి, చెక్కని కొంచెం వెనక్కి వాల్చాను. రేకు తన వేడి కంటే ఎదురుగా ఉన్న ఆకాశాన్నే ఎక్కువ చూపిస్తుంది, ఆకాశం చల్లన, కాబట్టి వేడిది తెల్లగా చూపించే వైట్ హాట్‌లో నల్లగా, అంచులు తెగినట్టు కనిపించింది. ఈ ఐడియా పెద్దాయనది. ఆయన దగ్గర థర్మల్ లేదు, వాళ్ల మనవడి దగ్గర ఉంది.

25 గజాల దగ్గర మొదలుపెట్టి 100కి వెళ్లాను. 100 దగ్గర మొదటి గుండు నాలుగు అంగుళాలు కుడికి, రెండు కిందికి పడింది. ఇందులో బొమ్మని ఫ్రీజ్ చేసి గురి చూపే క్రాస్‌హెయిర్‌ని తూటా పడిన చోటికి జరిపే పద్ధతి ఉంది, మరలు తిప్పే పని లేదు. ఆ తర్వాత మూడు గుండ్లు అంగుళంన్నర లోపల పడ్డాయి. సంతోషంగా టీ తాగి వచ్చి ఇంకో మూడు కాలిస్తే అవి మూడు అంగుళాలు ఎడమకి! మౌంటు స్క్రూ ఒకటి వదులు. అన్నీ విప్పి టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి మొదటికొచ్చాను. మొత్తం 27 తూటాలు అయ్యాయి.

డిసెంబరు 28

నాన్న వచ్చారు. అమ్మ ఐర్వింగ్‌లో మనవరాళ్లతో ఉండిపోయింది, ఈయన రెండో రోజే "పొలానికి పోదాం పద" అని బయల్దేరారు. ఇక్కడి మెస్కీట్ చెట్టు చూసి "ఇదేందిరా, సర్కారు తుమ్మ అమెరికా దాకా వచ్చిందా" అన్నారు. నిజానికి ఇక్కడిదీ మన సర్కారు తుమ్మా దగ్గరి చుట్టాలు, ఈ వైపు నుంచే అది మన దేశానికి వచ్చింది. పశువుల నీళ్ల కోసం తవ్వుకున్న చెరువుని ఇక్కడివాళ్లు ట్యాంక్ అంటారు, ఇరిగేషన్ ఆఫీసు కాయితాల్లో మన చెరువుని రాసినట్టే. అది విని ఆయనకి భలే నచ్చింది.

రాత్రి ఏడింటికి స్కోపు పెట్టి చూస్తే పొలం నిండా జంతువులే. ఒకటీ కదలదు. అరగంట తర్వాత అర్థమైంది, అవి సున్నపురాళ్లు, పగలు తాగిన ఎండని మెల్లగా వదులుతున్నాయి. నాగజెముడు పొదలూ అంతే, నీళ్లతో నిండిన మట్టలు కదా, త్వరగా చల్లారవు. పది దాటితే ఇవన్నీ మసకబారతాయి. సంధ్యవేళ రాయీ నేలా గడ్డీ అన్నీ ఒకే వేడికొచ్చే ఒక గంట ఉంటుంది, అప్పుడు తెరంతా ఒకే బూడిద రంగు. పొగమంచు, వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. చలిగాలి వచ్చి ఆకాశం తేటపడిన రాత్రి మాత్రం గడ్డిలో ఎలుక కూడా దాక్కోలేదు.

దూరం తెలియకపోవడం ఇంకో బాధ. తెరమీద అన్నీ ఒకే బల్లపరుపు బొమ్మ, చిన్నది దగ్గరుందో పెద్దది దూరంగా ఉందో పోల్చుకోలేం. పగలు గోల్ఫ్ రేంజ్‌ఫైండర్‌తో కొలిచి 100, 150, 200 గజాల దగ్గర రేకు చుట్టిన గుంజలు పాతాం, 100కి ఒకటి, 150కి రెండు, 200కి మూడు. రాత్రి నల్లగా భలే కనిపిస్తున్నాయి. ఈ ప్రాజెక్టులో నేను సొంతంగా కనిపెట్టింది ఇదొక్కటే.

2025 జనవరి 4

మొదటిసారి కాలర్ (జంతువుల అరుపులు వినిపించి కయోటీని రప్పించే స్పీకరు) పెట్టాను, కుందేలు ఏడుపు. కయోటీ చప్పుడు విని నేరుగా రాదు, గాలి వాలుకి చుట్టు తిరిగి వాసన చూసుకుంటూ వస్తుంది, అందుకని గాలి వెళ్లే వైపు ఖాళీ చేలు ఉండేట్టు కూర్చోవాలి. కుందేలు ఏడుపుకి ముందు మా మేకలే బెదిరి దొడ్డి తలుపు గుద్దుకున్నాయి. ఇరవై నిమిషాలకి ఒకటి వచ్చింది. రెండు గుంజలు దాటింది, తల ఎత్తింది, కాల్చాను. దానికేం కాలేదు. ఎటో పోయింది.

పొద్దున వెళ్లి చూస్తే 60 గజాల దగ్గర మెస్కీట్ కొమ్మ ఒకటి కొత్తగా విరిగి వేలాడుతోంది. కొమ్మదీ వెనక నేలదీ ఒకే వేడి, స్కోపుకి అక్కడ కొమ్మ లేనట్టే. కంచె తీగ, ఎండుగడ్డి, దూరంలో ఉన్న రేకుల షెడ్డు, ఏదీ నమ్మకంగా కనిపించదు. ఈ చెట్టు దగ్గర కూర్చుంటే ఈ సందులోకి మాత్రమే కాల్చొచ్చు, వెనక గట్టు ఉంది అని పగలే తేల్చుకుని, రాత్రి ఆ సందు దాటి కాల్చకూడదు. పక్కవాళ్ల ఇల్లు ఉత్తరాన అరమైలు కూడా లేదు, అందుకే ఉత్తరం వైపు రైఫిల్ తిప్పడం పూర్తిగా బంద్.

జనవరి 11

గురు, శుక్రవారాలు మంచు. రోడ్డు మీద రెండుసార్లు జారి, పొలం చేరేసరికి చీకటి. ఏమీ చేయలేదు. బ్యాటరీ చలికి సగం టైమే వచ్చింది.

జనవరి 18

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

రాత్రి పదకొండున్నర. కంచె లోపల, వాగు వైపు నుంచి రెండు తెల్లటి ఆకారాలు మంద వైపు వస్తున్నాయి. 200 గజాలకి కొంచెం అవతల. ముందున్నదాని మీద క్రాస్‌హెయిర్ పెట్టి, సేఫ్టీ తీసి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. సరిగ్గా అప్పుడు టిక్కుమని చప్పుడై బొమ్మ ఆగిపోయింది. ఈ సెన్సర్లు మధ్యమధ్యలో లోపల చిన్న షట్టర్ మూసి తమని తాము సరిచేసుకుంటాయి, అర సెకను పడుతుంది. తిట్టుకున్నాను. బొమ్మ తిరిగొచ్చేసరికి రెండోది పక్కకి తిరిగి తోక పైకెత్తి ఊపుతోంది. కయోటీ నడిచేటప్పుడు తోక కిందికి వేలాడేస్తుంది, పరిగెత్తినా అంతే. ఇంకో నిమిషం చూస్తే ముందున్నదాని మెడ చుట్టూ నల్లటి పట్టీ. బెల్టు! పెద్దాయన కుక్కలు.

సేఫ్టీ వేసి రైఫిల్ పక్కన పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నాన్న ఏమీ అనలేదు, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు.

తెల్లారి చేసిన పనులు: షట్టర్‌ని మాన్యువల్‌కి మార్చాను. వెతకడానికి రైఫిల్ స్కోపు వాడటం మానేశాను, ఏది ఏమిటో తెలియనిదాని వైపు గొట్టం పెట్టి వెతకడమే అసలు తప్పు, ఈ ముక్క కోర్సులో కూడా చెప్పారు, నేనే డబ్బులు మిగులుతాయని వినలేదు. 256×192 థర్మల్ మోనాక్యులర్ (ఒంటి కంటితో చూసే చేతి దుర్భిణి) ఒకటి ఆర్డర్ పెట్టాను. రైఫిల్ మడమ మీద తెల్ల టేపు అంటించి రాసుకున్నాను: తోక, చెవులు, నడక, మెడ. నాలుగూ చూడాలి, 150 లోపల. పెద్దాయనకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాత్రిళ్లు కట్టేస్తాలే" అన్నాడు.

ఫిబ్రవరి 8

మోనాక్యులర్ నాన్న చేతిలోంచి రావడం లేదు. విజిటర్ వీసా కాబట్టి రైఫిల్ ముట్టుకోవద్దని ముందే చెప్పాను, "నాకెందుకురా అది, ఇది చాలు" అంటారు. మేకలు ఈనడం మొదలైంది. ఈనిన చోట మాయ వాసనకి కయోటీలు వస్తాయని మాయ ఎప్పటికప్పుడు తీసి లోతుగా పాతిపెడుతున్నాం.

తెల్లవారుజామున మూడింటికి నాన్న లేపారు. "ఆ రెండో గుంజ దగ్గర ఏందో ఉందిరా, ఇందాకటి కంటే వెలుగు తగ్గింది." కుందేలేమో అన్నాను. కుందేలైతే వెలుగు తగ్గదు కదా అన్నారాయన. టార్చి తీసుకుని పోయి చూస్తే అప్పుడే పుట్టిన పిల్ల, తడి ఒంటితో, గడ్డిలో. తల్లి రెండోదాన్ని ఈనుతూ ఇరవై గజాల అవతల. పిల్ల నోట్లో వేలు పెడితే లోపల కూడా చల్లగా ఉంది. తువ్వాలుతో రుద్ది, హీటర్ ముందు పెట్టి, నాలుగున్నరకి జున్నుపాలు పట్టించాం. 1,900 డాలర్ల స్కోపు ఇంతవరకు ఒక కొమ్మ విరగ్గొట్టింది, 600 డాలర్ల మోనాక్యులర్ ఒక పిల్లని కాపాడింది.

ఫిబ్రవరి 22

ఒకటి పడింది.

ఒంటిగంట పదికి నాన్న మోనాక్యులర్‌లో పట్టుకున్నారు, వాగు మూల, కంచె లోపల. ఒంటరిది. తోక కిందికి, చెవులు నిటారుగా, అడుగులో అడుగు వేసినట్టు నడక, మెడ ఖాళీ. ఈనిన మేకల వైపే వస్తోంది. రెండు గుంజల దగ్గర ఆగింది, వెనక గట్టు. నాన్న "నక్కే, నక్కే" అని రెండుసార్లు గుసగుసగా అన్నారు. కాల్చాను, ఉన్నచోటే కూలింది. ఐదు నిమిషాలు స్కోపులోంచి చూసి కదలట్లేదని తేల్చుకున్నాకే వెళ్లాం.

ఆడది. 27 పౌండ్లు తూగింది, నేననుకున్నదాంట్లో సగం. ఊలు తీసేస్తే మన నక్క కంటే ఏమంత పెద్దది కాదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని పెద్దాయన పదిసార్లు చెప్పాడు. 1988లో దక్షిణ టెక్సాస్‌లో కయోటీల్లో రేబిస్ పుట్టి పైకి పాకుతూ వస్తే, 1995 నుంచి విమానాల్లోంచి వ్యాక్సిన్ ఎరలు జారవిడిచి దాన్ని ఆపారు. ఆ రోజులు ఆయనకి గుర్తున్నాయి.

పాతిపెట్టి వస్తుంటే అవతలి గట్టు మీద ఇంకోటి ఊళ మొదలుపెట్టింది. జనవరి నుంచి మార్చి దాకా వీటికి జతకట్టే కాలం. నాన్న చెప్పులు విప్పుతూ "జతదేమో" అన్నారు. నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, అలాగని తప్పు చేశాననీ అనిపించలేదు, నవంబరులో గొంతు ఒలిచి చూపించిన మేక కూడా కళ్లముందే ఉంది.

మార్చి 1

స్కోపు రికార్డు చేసిన వీడియోలన్నీ ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను, ఇది ముందే చేయాల్సిన పని. ప్రతిసారీ, కుక్కలతో సహా, లోపలికి వచ్చింది ఒకే చోటు నుంచి, వాగు కంచెని దాటే మూల. వరదకి కొట్టుకుపోకుండా అక్కడ కంచెని వేలాడదీస్తారు, దాన్ని వాటర్ గ్యాప్ అంటారు. మాది కింద జానెడున్నర లేచి ఉంది. బావమరిది, నేను కలిసి పాత పశువుల ప్యానెల్ ఒకటి కోసి గొలుసులతో వేలాడదీసి అడుగున రాళ్లు పేర్చాం. 64 డాలర్లు, అందులో 20 గొలుసులకే.

పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. మేకల జోలికి రాని జంట ఒకటి పొలం చుట్టూ కాపురం ఉంటే దాన్ని కదపకు, అది కొత్తవాటిని రానివ్వదు, దాన్ని కొట్టేస్తే ఖాళీ చోటుకి ఏ రౌడీ వస్తుందో తెలియదు అన్నాడు. మరి ఫిబ్రవరిలో నేను కొట్టింది ఏదో! ఇకనుంచి కంచె లోపల ఉన్నదాన్ని మాత్రమే. కాలర్ అమ్మకానికి పెట్టేశాను. నాన్న మొదటి రోజు నుంచీ "రెండు మంచి కుక్కల్ని పెంచరా" అంటూనే ఉన్నారు, గ్రేట్ పిరనీస్ పిల్లలు రెండు ఏప్రిల్లో వస్తాయి.

మార్చి 14

రెండు వారాలుగా లోపలికి ఒక్కటీ రాలేదు. బయట తిరుగుతున్నాయి, వాటర్ గ్యాప్ దాకా వచ్చి వాసన చూసి పోతున్నాయి.

రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఒంటిగంట ఇరవై ఆరుకి పూర్తిగా పట్టింది, రెండున్నర దాకా. నాన్న పట్టకముందే భోజనం చేసేసి కుర్చీ వేసుకుని బయట కూర్చున్నారు. వెన్నెల పోయి పొలం గుడ్డి చీకటైపోయింది, మోనాక్యులర్‌లో మాత్రం మేకలు పడుకున్నవి పడుకున్నట్టే తెల్లగా, వెన్నెల ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. గ్రహణం మొదలవకముందే నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. రైఫిల్‌ని ఆకాశం వైపు ఎత్తడం పద్ధతి కాదు కాబట్టి స్కోపు ఊడదీసి చేత్తో పట్టుకుని చంద్రుణ్ని చూశాను. గ్రహణానికి ముందు తెల్లగా మండుతున్న బిళ్ల, ఎండ పడే చోట అక్కడి నేల వంద డిగ్రీలు దాటుతుంది మరి. నీడ పాకే కొద్దీ ఆ తెలుపు బూడిదగా దిగిపోయింది, రాయి చల్లారడం కంటికి కనిపించింది. లెక్క కట్టాను, అడ్డంగా 26 పిక్సెళ్లు. రెండు లక్షల నలభై వేల మైళ్ల పైన ఉన్నది 26, మూడొందల గజాల్లో ఉన్న నక్క తొమ్మిది.

నాన్నకి ఇచ్చాను. చాలాసేపు చూసి "మాయమైపోతోందేందిరా" అన్నారు.

తెల్లారి నుంచి ఒకటే గాలి, ఒకటే దుమ్ము, రేకుల షెడ్డు ఊగిపోతోంది. స్కోపు ఊడదీశాను కదా, జీరో మళ్లీ చూసుకోవాలి. ఈ గాలి తగ్గాక. 11 తూటాలు మిగిలాయి.